గడ్డకట్టిన టీ ధార

కెటిల్ వంచింది. టీ కప్పులో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిరి ముఖానికి తగులుతోంది. కళ్ల ముందు మాత్రం పారేది ఏదీ లేదు. మంచు కొండల్లో హిమానీనదం గడ్డకట్టినట్టు, కెటిల్ మూతికీ కప్పుకీ మధ్య టీ ధార గాల్లో నిలిచి ఉంది. ఈ పోలిక ఆమెదే. తర్వాత డాక్టర్ల ముందు కూర్చుని తన అవస్థ చెప్పుకోవడానికి ఆమె వెతుక్కున్న పోలిక.

ధార సంగతి అలా ఉంచితే, కప్పులో టీ పైకి రావడమూ ఆమెకు కనిపించదు. ఎక్కడ ఆపాలో తెలియదు. అడుగున కాస్తే ఉంది కదా అని వంచుతూనే ఉంటుంది. తీరా చూస్తే అంచు దాటి బల్ల మీదికి పొర్లిపోయి ఉంటుంది.

వీధిలో అవస్థ ఇంకా ఘోరం. రోడ్డు దాటబోతూ అటు చూస్తుంది. కారు ఉంది, బాగా దూరంగా ఉంది. సరే, దాటొచ్చు అనుకుని అడుగు వేయబోయేసరికి అదే కారు మీదికి వచ్చేసి ఉంటుంది. కారు కనిపించక కాదు. దాని రంగు తెలుసు, ఆకారం తెలుసు, ఎంత దూరాన ఉందో తెలుసు. అక్కడున్నప్పుడు చూసింది, ఇక్కడున్నప్పుడూ చూసింది. రావడమే చూడలేదు.

గదిలో ఇద్దరికి మించి మనుషులు ఉంటే ఆమెకు స్థిమితం ఉండేది కాదు, లేచి వెళ్లిపోయేది. తలుపు దగ్గరున్న మనిషి ఉన్నట్టుండి కిటికీ దగ్గర ఉంటాడు. నడిచి వెళ్లడం అంటూ ఉండదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వాళ్ల పెదాల కదలిక అందదు, మాటలు పట్టుకోవడం కష్టమవుతుంది. జనం ఉన్న వీధుల్లోకి వెళ్లడం తగ్గించేసింది.

వైద్య పుస్తకాల్లో ఆమె పేరు ఎల్.ఎం. అంతే, రెండక్షరాలు. జర్మనీ మహిళ. 1978 అక్టోబరులో జబ్బుపడి ఆస్పత్రిలో చేరింది. నడినెత్తి కింద, పుర్రెకు లోపలి వైపున ముందు నుంచి వెనక్కి సాగే ఒక పెద్ద సిర ఉంటుంది. మెదడు వాడుకున్న రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే కాలువ అది. ఆమెకు అందులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది కానీ మెదడు వెనుక భాగంలో, కుడి ఎడమలు రెండు వైపులా, కొంత కణజాలం దెబ్బతింది. మాటలు గుర్తుచేసుకోవడంలో, లెక్కల్లో కొద్దిపాటి ఇబ్బంది మిగిలింది. దాంతోపాటు ఈ వింత చూపు.

1980లో ఆమె మ్యూనిక్‌లోని మాక్స్ ప్లాంక్ సైకియాట్రీ సంస్థకు వచ్చింది. అక్కడ జోసెఫ్ ట్సీల్, డెట్లెఫ్ ఫాన్ క్రామన్, నార్బెర్ట్ మై అనే ముగ్గురు ఆమెను పరీక్షించారు. అప్పటికి ఆమె వయసు 43. చూపు బాగానే ఉంది, కానీ కదలికలు కనిపించడం లేదు అని ఒక మనిషి వచ్చి చెబితే ఎవరైనా ఏమనుకుంటారు? కళ్లజోడు నంబరు మారిందనుకుంటారు, లేకపోతే మనసు బాగాలేదనుకుంటారు. వీళ్లు ఆ రెండూ అనుకోకుండా, ఆమె మాటను ఉన్నదున్నట్టు తీసుకుని దాన్ని కొలవడానికి కూర్చున్నారు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా గొప్ప నిర్ణయం అదే.

ముందు మామూలు పరీక్షలు చేశారు. చూపు పదును సరిగా ఉంది. రంగులు తెలుస్తున్నాయి. ఆకారాలు, వస్తువులు గుర్తుపడుతోంది. ఏది దగ్గర, ఏది దూరం అన్నదీ చెప్పగలుగుతోంది. దృష్టి పరిధి దాదాపు పూర్తిగా ఉంది. ఇంతవరకు చూస్తే కంటి డాక్టరు ఏ మందూ రాయకుండా పంపించేస్తాడు.

తర్వాత కదిలే గురి పెట్టారు. చూపు మధ్య భాగంలో, బాగా నెమ్మదిగా పక్కకో, పైకీ కిందికో కదిలితే ఆమెకు కొంత తెలిసింది. వేగం సెకనుకు 10 డిగ్రీలు దాటిందా, కదలిక మాయం. ముందు ఇక్కడుంది, తర్వాత అక్కడుంది, అంతే. 10 డిగ్రీలంటే ఎంతో కాదు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెడితే దాని వెడల్పు సుమారు 2 డిగ్రీలు. మూడు మీటర్ల అవతల మామూలు నడకతో అడ్డంగా వెళ్లే మనిషి సెకనుకు 20 డిగ్రీలకు పైనే కదులుతాడు. ఇక గదిలో మనుషులు ఉన్నచోట మాయమై మరోచోట తేలారంటే ఆశ్చర్యం ఏముంది? చూపు అంచుల్లో ఆమెకు అసలు కదలికే లేదు. ఎదురుగా దగ్గరికి వచ్చేది, దూరంగా పోయేది కూడా లేదు. కారు విషయంలో ఆమె చెప్పింది అక్షరాలా నిజమేనని ఇక్కడ తేలింది.

కదిలే చుక్కను కళ్లతో వెంబడించమంటే, వేగం కాస్త పెరగగానే ఆమె కళ్లు సాఫీగా సాగడం మానేసి గంతులు వేశాయి. అదే చప్పుడు కదిలితే మాత్రం పోల్చుకుంది. చర్మం మీద ఏదైనా జరిగినా అంతే. అంటే కదలిక అనే ఆలోచన ఆమెకు పోలేదు, జ్ఞాపకం పోలేదు. కళ్ల ద్వారా వచ్చే కదలిక ఒక్కటే పోయింది. స్కాన్‌లో దెబ్బ ఎక్కడ కనిపించిందంటే, కళ్ల నుంచి సమాచారం మొదట చేరే ప్రాంతంలో కాదు, దానికి బయట, మెదడు వెనుక భాగపు పక్కల్లో. 1983లో 'బ్రెయిన్' పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది.

దాన్ని చదివి చాలామంది ఎందుకు ఉలిక్కిపడ్డారో తెలియాలంటే మొదటి ప్రపంచ యుద్ధం దాకా వెనక్కి వెళ్లాలి. తల వెనుక తూటా గాయాలైన సైనికుల్ని పరీక్షించిన బ్రిటిష్ వైద్యుడు జార్జ్ రిడాక్‌కు 1917లో ఒక విచిత్రం ఎదురైంది. గాయం వల్ల గుడ్డిదైపోయిన వైపున వస్తువును కదలకుండా పెడితే ఆ సైనికులకు ఏమీ కనిపించలేదు. కదిపితే కొందరికి ఏదో కదులుతోందని తెలిసింది. అది ఏమిటో, ఏ రంగో చెప్పలేరు. ఎల్.ఎం.కు పూర్తిగా తిరగేసిన కేసు ఇది. కదలికకు మెదడులో వేరే ఏర్పాటు ఉండవచ్చని రిడాక్ సూచించాడు. మరుసటి ఏడాదే గోర్డన్ హోమ్స్ అది కుదరదన్నాడు. ఆ కాలంలో మెదడు చూపు గురించి హోమ్స్ మాటకు తిరుగు లేదు. రిడాక్ మూలకు పడ్డాడు. పెద్దాయన కాదన్నాడు కాబట్టి మిగతావాళ్లు చూడటం మానేశారు. శాస్త్రంలోనూ ఇది మామూలే.

అప్పటి నుంచి చాలామంది మనసులో ఉన్న నమ్మకం సులువైనది. ఒక వస్తువు మొదట ఇక్కడుంది, కాసేపటికి అక్కడుంది. ఈ రెండూ తెలిస్తే కదిలిందని మెదడు తేల్చుకుంటుంది, కదలిక అంటే అంతకుమించి ఏమీ లేదు. ఎల్.ఎం. ఈ నమ్మకాన్ని నిలదీసింది. ఆమెకు ఆ రెండూ తెలుసు. కారు కదిలిందని తర్కించి చెప్పగలదు కూడా. అయినా కదలిక కనిపించలేదు. అంటే స్థలం, కాలం కూడితే కదలిక రాదు. అది ఎరుపు, పులుపు లాగా విడిగా కలిగే అనుభవం.

నిజానికి ఈ సంగతిని ఒకాయన అంతకు 70 ఏళ్ల ముందే మరో వైపు నుంచి పట్టుకున్నాడు. 1910లో మనస్తత్వవేత్త మాక్స్ వర్ట్‌హైమర్ సెలవుకి రైల్లో వెళ్తూ ఒక ఆలోచన తట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయాడని, స్ట్రోబోస్కోప్ అనే, వరస బొమ్మలు కదిలినట్టు భ్రమ కలిగించే ఆటవస్తువు కొని హోటల్ గదిలో ప్రయోగాలు మొదలుపెట్టాడని మనస్తత్వశాస్త్రంలో ఒక ముచ్చట చెప్పుకుంటారు. తర్వాత అక్కడి ప్రయోగశాలలో, పక్కపక్కన ఉన్న రెండు గీతల్ని ఒకదాని తర్వాత ఒకటి వెలిగించాడు. వ్యవధి మరీ తక్కువైతే రెండూ ఒకేసారి వెలిగినట్టు, ఎక్కువైతే ఒకటి ఆరి ఇంకొకటి వెలిగినట్టు ఉంటుంది. మధ్యస్థంగా, సెకనులో వెయ్యో వంతులు 60 ఉంటే, ఒకే గీత ఇటు నుంచి అటు జరిగినట్టు కనిపిస్తుంది. సినిమా మొత్తం దీని మీదే నడుస్తోంది. తెర మీద ఎన్టీఆర్ గుర్రం ఎప్పుడూ పరిగెత్తలేదు, సెకనుకు 24 బొమ్మలు నిలబడ్డాయంతే. వర్ట్‌హైమర్ మనుషులకు కదిలే వస్తువు లేకుండానే కదలిక కనిపించింది. ఎల్.ఎం.కు వస్తువు కదులుతున్నా కదలిక లేదు. వెలిగి ఆరే దీపాల పరీక్ష పెడితే ఆమెకు రెండు దీపాలే కనిపించాయి.

మరి ఆమె పోగొట్టుకున్న ఏర్పాటు ఎలా పనిచేస్తుంది? ఏదో కదిలిందని తెలిస్తే చాలదు, ఎటు కదిలిందో తెలియాలి. కంటి తెర మీద ఉన్నది వెలుగుచీకట్ల అచ్చు మాత్రమే. అందులో బాణం గుర్తులు ఉండవు. దిశను మెదడే తయారు చేసుకోవాలి.

దీనికి మొదటి చక్కని లెక్క చెప్పించింది ఒక పురుగు. మన బియ్యపు డబ్బాల్లో తిరిగే ముక్కుపురుగుకు చుట్టమైన క్లోరోఫేనస్ అనే పురుగును జర్మనీలో బెర్న్‌హార్డ్ హాసెన్‌స్టైన్, వెర్నర్ రైకార్ట్ వీపు మీద అంటించి గాల్లో వేలాడదీశారు. దాని కాళ్లకు గడ్డిపరకలతో అల్లిన తేలికపాటి బంతిని ఇచ్చారు. పురుగు నడుస్తుంటే అది కదలదు, బంతి తిరుగుతుంది. అల్లికలో కొంచెం దూరానికి ఒకసారి దారి రెండుగా చీలుతుంది. చుట్టూ గీతల డ్రమ్ము తిప్పితే, అది ఎటు తిరిగితే పురుగు అటు దారి ఎంచుకుంటుంది. ఎన్నిసార్లు కుడి, ఎన్నిసార్లు ఎడమ అని లెక్కపెడుతూ వాళ్లు 1956లో ఒక సూత్రం చెప్పారు. కంటిలో పక్కపక్కన రెండు బిందువులు ఉన్నాయనుకోండి. ఎడమ నుంచి కుడికి పోయే వస్తువు ముందు ఎడమ బిందువును, ఆ తర్వాత కుడి బిందువును తాకుతుంది. ఎడమ బిందువు సంకేతాన్ని కాస్త ఆలస్యం చేసి పంపితే అది కుడి బిందువు సంకేతంతో ఒకే క్షణాన చేరుతుంది, రెండూ కలిసి గట్టిగా మోగుతాయి. వస్తువు ఎదురుదిశలో వస్తే రెండూ విడివిడిగా చేరి చప్పబడిపోతాయి. ఆలస్యం, కలయిక, ఈ రెండే పనిముట్లు. కుందేలు కంటి తెరలో ఇలా ఒక దిక్కుకే స్పందించే కణాలు ఎలా పనిచేస్తాయో హోరేస్ బార్లో, విలియం లెవిక్ 1965లో చూపించారు. అక్కడి వైరింగు కొంచెం వేరు: తప్పు దిక్కు నుంచి వస్తే కణం నోరు నొక్కే సంకేతం అందుతుంది.

మనలాంటి ప్రాణుల్లో ఈ పని ప్రధానంగా మెదడులో జరుగుతుంది. 1971లో రొనాల్డ్ డబ్నర్, సెమీర్ జెకి కోతి మెదడు పక్క మడతలో ఒక చిన్న ప్రాంతాన్ని పరిశీలించారు. అక్కడి న్యూరాన్లకు రంగుతో పని లేదు, ఆకారంతో పెద్దగా పని లేదు. ఎటు కదులుతోంది అన్నదే కావాలి. ఒకటి కుడికి కదిలితే చెలరేగిపోతుంది, ఎడమకు కదిలితే ఊరుకుంటుంది. పక్కదానికి కొంచెం వాలుగా ఉన్న దిక్కు ఇష్టం, దాని పక్కదానికి ఇంకాస్త వాలు. ఈ ప్రాంతాన్నే వి5 అనీ, ఎంటీ అనీ అంటారు. ఎల్.ఎం. మెదడులో దెబ్బ తగిలింది మనుషుల్లో దీనికి సరితూగే చోటే. ఆమె జబ్బుకు 'అకైనెటాప్సియా' అనే పేరు తర్వాత 1991లో జెకి పెట్టిందే.

కళ్ల నుంచి సమాచారం మొదట చేరే ప్రాంతంలోనూ దిశ తెలిసిన కణాలు ఉన్నాయి. మరి ఇంకొక ప్రాంతం దేనికి? ఎందుకంటే ఆ మొదటి ప్రాంతపు కణాల్లో ఒక్కొక్కటీ చూపులో చాలా చిన్న ముక్కను మాత్రమే చూస్తుంది. చిన్న కంతలోంచి ఒక వాలు గీతను చూస్తే అది పక్కకు జరిగినా, పైకి జరిగినా ఒకేలా ఉంటుంది. విదేశాల్లో మంగలి షాపుల ముందు తిరిగే చారల స్తంభాన్ని సినిమాల్లో చూసే ఉంటారు. స్తంభం తిరిగేది అడ్డంగా, చారలు ఎక్కేది పైకి. పైకి పోయేది అక్కడ ఏదీ లేదు. ఇలాంటి అరకొర సాక్ష్యాలన్నిటినీ కలిపి అసలు దిక్కును తేల్చే కణాలు ఎంటీలో ఉన్నాయని 1980లలో ఆంథొనీ మొవ్‌షన్ బృందం చూపించింది.

తేల్చడం అన్నాను కానీ అది ఎన్నికల లెక్కింపులా సాగే వ్యవహారం. దీనికి రుజువు కావాలంటే స్కాట్లండ్ వెళ్లాలి. 1834లో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన లాక్ నెస్ సరస్సు దగ్గర ఫోయర్స్ జలపాతాన్ని చూస్తూ కాసేపు నిలబడ్డాడు. చూపు పక్కనున్న రాతి గోడ మీదికి తిప్పగానే ఆ రాళ్లు పైకి కదులుతున్నట్టు అనిపించింది. నదిని చూసి చూపు తిప్పితే ఇలాంటిదే జరుగుతుందని అంతకు ముందే అరిస్టాటిల్ రాశాడు. మనకు జలపాతం దాకా పోనక్కర్లేదు. సినిమా అయిపోయాక పైకి పోతున్న పేర్ల మీద అర నిమిషం చూపు నిలిపి, ఠక్కున గోడకేసి చూడండి. గోడ కిందికి జారుతుంది. అక్కడే ఉంటుంది, అయినా జారుతుంది. నిశ్చలంగా ఉన్నప్పుడు పైకి ఓటు వేసే న్యూరాన్లు, కిందికి ఓటు వేసేవి సమానంగా ఉంటాయి. అదేపనిగా కిందికి పారే నీళ్లు చూస్తే కిందివర్గం అలసిపోతుంది. ఆ తర్వాత కదలని రాయిని చూసినా, అలసిపోనివాళ్లదే పైచేయి. ఇలా ఒకే దిక్కు కదలికను కొంతసేపు చూశాక ఆ దిక్కు కణాలు మామూలు కన్నా మందగిస్తాయని బార్లో, హిల్ 1963లో కుందేలు కంటిలో కొలిచారు. ఎల్.ఎం.కు ఈ భ్రమా కలగలేదు. ఓట్లు వేసేవాళ్లే లేనప్పుడు తారుమారు ఎక్కడిది?

ఓట్ల మాట కేవలం ఉపమానం కాదని 1990లో స్టాన్‌ఫర్డ్‌లో తేలింది. విలియం న్యూసమ్, ఆయన సహచరులు కోతి ముందు తెర మీద చుక్కల గుంపు పెట్టారు. ఎక్కువ చుక్కలు ఎటుపడితే అటు చెదురుతుంటాయి, కొన్ని మాత్రం ఒకే దిక్కుకు పోతాయి. ఆ దిక్కేదో కోతి తన చూపు తిప్పి చెప్పాలి. ఇంతలో ఎంటీలో ఒకే దిక్కును ఇష్టపడే కణాల గుంపులోకి అతి స్వల్పమైన కరెంటు పంపించారు. కోతి జవాబులు ఆ గుంపు దిక్కుకు మొగ్గాయి. తెర మీద చుక్కలు మారలేదు, ఓట్ల పెట్టెలో కాసిని ఓట్లు కలిపారంతే. చదివినప్పుడల్లా నాకు కొంచెం భయం వేసే ప్రయోగం ఇది.

ఇక ఎల్.ఎం. ఏళ్లు గడిచినా ఆమె పరిస్థితి బాగుపడలేదు. 1991లో అదే బృందం మళ్లీ పరీక్షించినప్పుడు లోపం అలాగే ఉంది. ఆమే దానితో సర్దుకోవడం నేర్చుకుంది. కార్లు ఎంత దగ్గరికి వచ్చాయో చప్పుడును బట్టి అంచనా వేసుకునేది. చూడలేనిదాన్ని చెవులకు అప్పగించింది. పరిశోధకులు మాత్రం ఆమె దగ్గరికి వస్తూనే ఉన్నారు, ఆమె ఓపిగ్గా పరీక్షలకు కూర్చుంటూనే ఉంది. మెదడులో కదలిక గురించి ఈనాడు పాఠాల్లో ఉన్నదానికి ఆ ఓపిక చాలావరకు ఆధారం.

వాటిలో ఒక పరీక్ష ఫలితం ఎవరూ ఊహించనిది. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యొహాన్సన్ 1973లో ఒక పద్ధతి చూపించాడు. మనిషి భుజాలు, మోచేతులు, మోకాళ్లు, చీలమండల దగ్గర చిన్న దీపాలు పెట్టి చీకట్లో నడిపిస్తే కనిపించేవి పది పన్నెండు చుక్కలే. నిలబడి ఉంటే ఏమిటో తెలియదు. ఒక్క అడుగు వేస్తే చాలు, మనిషి నడుస్తున్నాడని చూసినవాళ్లు ఠక్కున చెప్పేస్తారు. ఇందులో ఉన్నది కదలిక తప్ప మరేమీ కాదు కాబట్టి ఎల్.ఎం. ఇందులో పూర్తిగా ఓడిపోవాలి. ఓడిపోలేదు. చుక్కల మనిషి ఏం చేస్తున్నాడో పోల్చుకుంది. 1996లో ఇది అచ్చయింది.

దీనికి దగ్గరి సంగతి ఒకటి మన హైదరాబాద్‌లోనూ బయటపడింది. పుట్టుకతోనే శుక్లాలతో చూపు లేక, తర్వాత ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో ఆపరేషన్‌తో చూపు వచ్చినవాళ్లకు, అక్కడి వైద్యులు జర్మనీలోని హాంబుర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి ఇదే చుక్కల నడక చూపించారు. పసితనంలో ఒక మనిషి నడవడం కంటితో చూసి ఎరగనివాళ్లు, మామూలు చూపున్నవాళ్లతో సమానంగా దాన్ని గుర్తుపట్టారు. 2015లో వచ్చిన ఫలితం అది. ప్రాణుల కదలికకు మెదడులో ఇంకొక దారి ఉందని, అది వి5 మీద పూర్తిగా ఆధారపడదని అనుమానం బలపడింది.

మరి ఆ దారి ఉండి కూడా గదిలో నడిచే మనుషులు ఎల్.ఎం.కు ఎందుకు కనిపించలేదు? జవాబు 1996 పరీక్షలోనే ఉంది. నల్లటి తెర మీద చుక్కల మనిషి ఒక్కడే ఉన్నంతసేపు ఆమె గుర్తుపట్టింది. ఆ చుక్కల మధ్య అదనంగా మరికొన్ని చుక్కలు చల్లగానే ఆమె చేతులెత్తేసింది. మామూలు మనుషులు ఆ అదనపు చుక్కల్ని పట్టించుకోనైనా పట్టించుకోరు, ఎందుకంటే వేర్వేరుగా కదిలేవాటిని విడదీసే పని వి5 వాళ్లకు చేసిపెడుతుంది. ఆమెకు ఆ విడదీసే పని చేసేవాళ్లు లేరు. మ్యూనిక్‌లో ఏ వీధిలోనూ నల్లటి తెర ముందు మనిషి ఒక్కడే నడవడు.